హ్యాండ్‌పంప్ నిలిచిన శనివారం

ఒక బీరు బాగాలేదని తీర్పు చెప్పే ముందు, ఏ ఊరి అలవాటును ప్రమాణంగా పెట్టుకున్నామో మనల్ని మనం ప్రశ్నించుకోవద్దా? ఇలాంటి ప్రశ్నలు వేయడం కాలేజీ డిబేట్‌లో నేర్చుకున్నాను. జవాబు మాత్రం 2012లో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో దొరికింది. అక్కడ ఒక బ్రూపబ్‌లో, అంటే బీరు తయారుచేసిన చోటే అమ్మే పబ్‌లో, నేను అసిస్టెంట్ బ్రూవర్‌ని.

ఇంగ్లండ్‌లో ఒకప్పుడు దాదాపు ప్రతి పట్టణానికీ సొంత బ్రూవరీ ఉండేది. బర్టన్ ఊరి నీళ్లలోని జిప్సం, ఏల్ అనే లేత రంగు బీరుకు పదును తెచ్చింది. లండన్ నీళ్లు నల్లని పోర్టర్ బీరుకు కుదిరాయి. పెద్ద కంపెనీలు చిన్నవాటిని కొని మూసేస్తూ పోయినా, కొన్ని కుటుంబ బ్రూవరీలు తమ ఊరి రుచిని వదలలేదు. ఆ చరిత్ర చదివి ముచ్చటపడి, యార్క్‌షైర్ పద్ధతిలో ‘బిట్టర్’ అనే చేదు బీరు తయారుచేశాను. అది కాస్క్ ఏల్. వడకట్టకుండా పీపాలోనే పులియనిచ్చి, మరీ చల్లబరచకుండా, గ్యాస్ ఒత్తిడితో కాక హ్యాండ్‌పంప్ లాగి గ్లాసులోకి తెస్తాం.

కస్టమర్లు వరసగా వెనక్కి పంపారు. “చల్లగా లేదు,” అని ఒకరు, “నురగేదీ?” అని ఇంకొకరు.

“ఈ శనివారం కూడా ఇంతే అయితే పంపు తీసేస్తాను,” అంది యజమాని లిండా. నా సొంత రెసిపీతో చేసిన మొదటి బీరు అదే. ఆఖరిదీ అదే అయ్యేలా ఉంది.

శనివారం మధ్యాహ్నం మూర్తి అంకుల్ వచ్చారు. నాన్న స్నేహితుడు, అమెరికా రాకముందు చాలా ఏళ్లు యార్క్‌షైర్‌లో ఇంజనీరుగా పనిచేశారు.

“ఏమ్మా, నేనిక్కడ కనిపించానని మీ నాన్నకి చెప్పకు,” అన్నారు గొంతు తగ్గించి.

“మీ వెనక టేబుల్ దగ్గరే ఉన్నారు అంకుల్. మీరే చెప్పుకోండి.”

నాన్న లెమన్ సోడా గ్లాసు ఎత్తి చూపించారు. “రా మూర్తీ, కూర్చో! నువ్వు గుడికెళ్లావని మీ ఆవిడ చెప్పిందే!”

అంకుల్ నేను పోసిచ్చిన బిట్టర్ ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. “రుచి అదేనమ్మా! కానీ స్పార్క్లర్ ఏదీ? అది లేకుండా మా యార్క్‌షైర్ వైపు ఎవడూ పోయడు.”

స్పార్క్లర్ అంటే పంపు మూతికి బిగించే, సన్నని రంధ్రాలున్న ప్లాస్టిక్ ముక్క. దానిలోంచి దూకిన బీరు మీగడలాంటి నురగ కడుతుంది, చేదు మెత్తబడుతుంది. పంపుతో వచ్చిన ఆ ముక్కను లిండా కావాలనే డ్రాయర్‌లో పడేసింది.

“నేను లండన్‌లో పని నేర్చుకున్నాను. అది పెడితే బీరులో వేసే హాప్స్ పూల వాసన చచ్చిపోతుంది,” అంది లిండా బార్ వెనక నుంచి.

“లండన్ వాళ్లు గ్లాసు కడిగిన నీళ్లిచ్చినా తాగుతారు!” అన్నారు అంకుల్.

“మీ యార్క్‌షైర్ వాళ్లకి బీరెందుకు, నురగ చాలుగా!”

వాదనతో ఇది తేలదనిపించింది. అదే పీపా నుంచి స్పార్క్లర్‌తో ఒకటి, లేకుండా ఒకటి, చిన్న గ్లాసుల్లో పోసి వచ్చినవాళ్లందరి ముందూ పెట్టాను. కాసేపటికి బార్ రెండు పక్షాలుగా చీలిపోయింది. ఎక్కువమంది నురగ వైపే. కొందరు మాత్రం వాసన కోసం రెండోదాన్ని గట్టిగా సమర్థించారు.

“నేను తాగను గానీ, ఇది అచ్చం ఫిల్టర్ కాఫీలా ఉంది. నా ఓటు దీనికే!” అని నాన్న ప్రకటించేసరికి అందరూ ఘొల్లుమన్నారు.

లిండా నురగ గ్లాసు తీసుకుని నెమ్మదిగా తాగింది. “నీ బీరుకి ఇదే నప్పింది. నా బీరుకి మాత్రం పెట్టనివ్వను,” అంది నాతో. పొద్దుగూకకముందే పీపా ఖాళీ అయింది. లిండా పంపు తీసేయలేదు.

లిండా వాదన తప్పు కాదు. లండన్ బీరుకు అది నిజమే. దాన్ని యార్క్‌షైర్ బీరుకు వర్తింపజేయడమే పొరపాటు. ఒక ప్రాంతపు రుచి అంటే నీరూ ధాన్యమూ మాత్రమే కాదు, బీరును గ్లాసులోకి వంపే పద్ధతి కూడా అని ఆ రోజు నాకు అర్థమైంది.

అందుకే నాదొక విన్నపం. మీ ఊరి బ్రూపబ్‌కు వెళ్లినప్పుడు, మీరు తాగినా తాగకపోయినా, కాస్క్ ఏల్ ఉందా అని అడగండి. లేదంటే, ఎందుకు లేదని అడగండి. అడిగేవాళ్లు ఉన్నంతకాలమే ఎవరైనా ఆ పంపును ఉంచుతారు.