అత్త కట్టుడు పళ్ళు

మా అత్తవి కట్టుడు పళ్ళని మా ఇంట్లో అందరికీ తెలుసు. రోజూ పొద్దున్నే గిన్నెలోంచి తీసి, కడిగి, నోట్లో పెట్టుకునేది. అయినా పదిహేనేళ్ళు ఆ పళ్ళనే చూపించి నన్ను తిట్టింది, నేను పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆమె మీద కంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మాది నగరిలో మరమగ్గాల ఇల్లు. పెళ్ళిచూపుల్లోనే ఆమె నన్ను నవ్వమంది. నవ్వాను. "పిల్ల బాగుండాది, ఎత్తుపళ్ళే" అని అందరి ముందూ అనేసింది. కాపురానికి వచ్చాక నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకోవడం అలవాటైంది.

మా అమ్మాయికి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాక ఇక అడగొద్దు. ఒక్కొక్కటీ ఇంత వెడల్పు. చోటు చాలక ఒకదాని మీదికొకటి ఎక్కాయి.

"మా వంశంలో యాడుండాయే ఇట్లాంటి పళ్ళు? నావి సూడు, మల్లెమొగ్గలు. అంతా నీ పుట్టింటి సొత్తు" అనేది అత్త, పిల్ల వింటుండగానే. బడిలో ఫొటో తీస్తే పిల్ల పెదాలు బిగించి నిలబడింది. ఆ ఫొటో చూసి నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

పళ్ళకు క్లిప్పులు వేయిద్దామని మొన్న నేనూ, మా ఆయనా, పిల్లా తిరుపతి వెళ్ళాం. డాక్టరమ్మ పిల్ల పళ్ళకు అచ్చు తీసింది. మంచి పళ్ళే నాలుగు పీకితే తప్ప చోటు రాదంది. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా పోలికే మేడం, నా వల్లే" అన్నాను. ఆ మాట నోటికి అంత అలవాటైపోయింది.

ఆమె నా నోరు తెరిపించి, సన్నటి కొలబద్దతో కొలిచింది. "మీవి చిన్న పళ్ళేనమ్మా, ముందుకొచ్చాయంతే. పంటి వెడల్పు రెండు వైపుల నుంచీ రావచ్చు గానీ, ఇంత వెడల్పు మాత్రం మీ దగ్గర లేదు" అని మా ఆయన వైపు తిరిగింది. గుబురు మీసం కింద ఆయన పళ్ళు ఎవరు చూశారు? కొలిస్తే ముందుపళ్ళు తండ్రివీ కూతురివీ ఇంచుమించు ఒకే కొలత.

"మీ అమ్మగారికీ ఇంతేనా?" అని అడిగింది.

"ఊడకముందు ఇంకా పెద్దవి" అన్నాడు, నేల చూస్తూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికి రాగానే మెట్ల మీదే నిలదీశాను.

"మీయమ్మ సొంత పళ్ళు నేనెరగను, నువ్వు చూసినావు గదయ్యా! ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"సెప్తే అమ్మ బాధపడతాదని..."

"మరి నేను బాధపడలే? నీ కూతురు బాధపడలే?"

ఆటోవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. ఎవరో అచ్చుపోసి చేసిచ్చిన పళ్ళు, వాటితో మా పళ్ళు పోల్చుకుని ఇద్దరం ఆడవాళ్ళం నవ్వడం మానేశాం. తెలిసిన మనిషి పక్కనే కూర్చుని అన్నం తింటూ ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి అత్త గడప దగ్గరే ఉంది. "ఏమంట? ఎవురి పోలికంట?" అంది, నన్నే చూస్తూ.

నేను నోరు తెరిచే లోపే పిల్ల ముందుకొచ్చింది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

"నీ పోలికే అవ్వా. నీ సొంత పళ్ళంట ఇవి."

అత్త చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు జాలి వెయ్యలేదు.