చిన్నాయనకు మెడల్ వచ్చిన వేసవి

మా చిన్నప్పుడు... సూరత్ డిండోలిలో మా గల్లీ అంతా ఒక సాయంత్రం జిలేబీలు తిన్నది. నేవీలో పనిచేసే చిన్నాయన, గల్లీ చివరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి, "అమ్మా, నాకు మెడల్ ఇచ్చిండ్రు" అన్నాడట. అంతే...

దేనికని ఎవరూ అడగలేదు. యుద్ధం లేదు కదా... పరుగుపందెంలో గెలిచుంటాడని బాపు తేల్చేశాడు. తను బట్టలు నేసే కార్ఖానాలోనూ అదే చెప్పుకున్నాడు.

నాయనమ్మ సంబరానికి పట్టపగ్గాల్లేవు. కార్ఖానా దుమ్ముకు దగ్గి దగ్గి తాతయ్య పోయాడు. అందుకే చిన్న కొడుకును పట్టుబట్టి ఆమే నేవీకి పంపింది. "లడాయి లేదు, దుమ్ము లేదు... నా బిడ్డ సల్లగుంటడు" అనేది కనబడ్డవాళ్లందరితో.

మే నెలలో సెలవు మీద వచ్చాడు చిన్నాయన. అంత ఉక్కపోతలోనూ నిండు చేతుల చొక్కా... మణికట్టు గుండీ కూడా తీయలేదు.

సెలవుకొచ్చిన కొడుక్కి మర్నాడు పొద్దున్నే తలంటు పోయడం మా ఇంటి ఆనవాయితీ. పీట వేసి, నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి పిలిచింది నాయనమ్మ.

"వద్దమ్మా, జర జలుబున్నది" అన్నాడు.

ఆమె ఊరుకుంటుందా... కూర్చోబెట్టి తనే గుండీలు విప్పి చొక్కా లాగేసింది.

కుడి భుజం నుంచి మణికట్టు దాకా చర్మం కాలి, ముడుచుకుపోయి ఉంది.

"ఏందిరా ఇది?" అన్నాడు బాపు.

"ఇంజన్ రూముల మంటలు లేసినయన్నా. ఇద్దరు లోపల చిక్కుకున్నరు. ఒకణ్ణి బయటికి తెచ్చిన. మళ్ల పోయిన గని... రెండోవాడు దక్కలే."

మేం పరుగుపందెం అనుకున్న మెడల్ అది.

నాయనమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, కాచిన నూనె మెల్లగా రాసింది. తర్వాత, "ఆ పిలగానికి తల్లున్నదా?" అని అడిగింది.

ఉందన్నట్టు తలూపాడు.

"నన్ను ఆమె కాడికి తీస్కపో."

మిగిలిన సెలవు మా ఇంట్లో గడవలేదు. తల్లీకొడుకులు రైలెక్కేముందు బాపు ఉండబట్టలేక, "పోయి ఏం జెప్తవే అమ్మా ఆమెకు?" అన్నాడు.

"ఏం జెప్తరా... పక్కన కూసుంట" అంది.

ఇప్పుడు ఎక్కడేం జరిగినా ఫోన్లో చూసి, ఒక దండం బొమ్మ పెట్టి పక్కకు జరిపేస్తున్నాం... అలా వెళ్లి పక్కన కూర్చున్న మనుషులు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. వాళ్ల గురించి రెండు మాటలు రాయండి... చదవాలని ఉంది.