ఆది చొక్కా

మాస్టారి కుట్టు దుకాణంలో అడుగు పెట్టగానే ముందు వినబడేది మిషను చప్పుడు కాదు, మాస్టారి గొంతు. "బట్ట బాగుందండీ, పొట్టే కాస్త తగ్గాలి" అని ఎదుటివాడి మొహమ్మీదే అనేస్తాడు. అయినా ఎవరికీ కోపం రాదు, అదేం విద్యో మరి. యాభై నాలుగేళ్ల మనిషి. కుడి మోకాలు సగమే వంగుతుంది కనక మిషనుకు మోటారు పెట్టించుకుని ఎడమకాలితో నడుపుతాడు.

ఆయనకు పుట్టుకతోనే హీమోఫీలియా. అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టదు. అలాంటివాడు పోయి పోయి సూదులూ కత్తెరలూ ఉన్న పనిలో చేరాడని విన్నవాళ్లంతా ముక్కున వేలేసుకుంటారు. నిజానికి సూది గుచ్చుకుంటే ఆయనకేమీ కాదు, కాసేపు నొక్కిపట్టుకుంటే సరి. బాధంతా లోపల, కీళ్లలో. చిన్నప్పట్నుంచీ మెట్టు తప్పి పడితే చాలు, మోకాలు ఇంతలావున వాచి పదిహేను రోజులు మంచమే గతి. ఈ సంగతి జనానికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబోలు, ఇప్పుడెవరైనా "సూదితో జాగ్రత్త మాస్టారూ" అంటే "దానికే నేనంటే భయం" అని ఊరుకుంటున్నాడు.

పెళ్లి చేసుకోలేదు. పిల్లలంటే ఆయనకు ఒక్కతే, అక్క కూతురు. పుట్టిన మూడోనాడే ఆ పిల్ల విసనకర్రల్లాంటి చెవులు చూసి చుట్టాలందరూ "అచ్చం మేనమామ పోలిక!" అన్నారు. ఇక మాస్టారి సంబరం చూడాలి! దాని ప్రతి గౌనూ తనే కుట్టాడు. ఆ పిల్ల ఇప్పుడు బడిలో లెక్కల టీచరు, పెళ్లయి నాలుగేళ్లు. పిల్లల మాటెత్తితే మాత్రం చటుక్కున లేచి గిన్నెలు కడగడానికి వెళ్లిపోతుంది. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంది.

ఒక సోమవారం పొద్దున అక్క దుకాణానికొచ్చి, స్టూలు మీద కూలబడి, గుండీల డబ్బా కెలుకుతూ అసలు సంగతి బయటపెట్టింది.

"దానికి భయంరా. కొడుకు పుట్టి, వాడికి నీ పోలిక వస్తేనో అని."

మాస్టారి చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇన్నేళ్లూ మురిసిపోయిన మాట ఇలా తిరగబడి వచ్చేసరికి మనసు చివుక్కుమంది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో ఆయనకే తెలియలేదు.

"దాని చిన్నప్పుడు నువ్వు మంచంమీద పళ్లు బిగపట్టుకుని పడుంటే తలుపు చాటునుంచి చూసేది," అంది అక్క.

"అది కనబడితే నవ్వేవాణ్ణి కదక్కా!"

"నవ్వేవాడివే. దానికి ఆ నవ్వు చూస్తేనే ఇంకా భయం వేసేదట."

మేనకోడలు పెద్దాసుపత్రిలో జన్యు పరీక్ష కోసం వెళ్లిందనీ, ముందు మేనమామ రక్తం కావాలన్నారనీ, అడగడానికి మొహం చెల్లక ఆర్నెల్లుగా నానుస్తోందనీ అక్క మెల్లగా చెప్పింది.

"ఆర్నెల్లా! మొద్దు మొహమా! లెక్కల టీచరట, లెక్కల టీచరు!" అని అక్కడ లేని మేనకోడల్ని తిట్టి, మాస్టారు ఫోను తీసి బుధవారానికి తయారుగా ఉండమన్నాడు.

బుధవారం అక్కతో, మేనకోడలితో ఆసుపత్రిలో జన్యు పరీక్షల గదికి వెళ్తే మందు సీసాలూ లేవు, మంచమూ లేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కళ్లు తుడుచుకోవడానికి కాగితాల పెట్టె. బల్ల వెనక కౌన్సెలరు, చిన్నపిల్లలా ఉంది. తెల్లకాగితం మీద ఆమె మగవాళ్లకు చదరాలూ, ఆడవాళ్లకు సున్నాలూ గీసి, గీతలతో కలుపుతూ కుటుంబమంతా దించేసింది. మాస్టారి చదరానికి మాత్రం సిరా నింపింది.

"అందర్నీ ఖాళీగా వదిలేసి నాకొక్కడికే పూశారేంటమ్మా?" అన్నాడు మాస్టారు.

"జబ్బు ఉన్నవాళ్లకి అలా గుర్తు పెడతాం మాస్టారూ."

"మా నాన్న వైపు రక్తమే అంత, పల్చన," అని అందుకుంది అక్క.

"కొడుక్కి ఇది తండ్రినుంచి రాదండీ. తల్లినుంచి వస్తుంది."

"మా అమ్మనంటారా!" అక్క కుర్చీలోంచి సగం లేచింది.

"ఎవర్నీ అనడం లేదమ్మా. తనలో ఉందని ఆవిడకే తెలిసుండదు. ఇందులో ఎవరి తప్పూ లేదు."

అక్క మళ్లీ కూర్చుంది. నలభై ఏళ్లుగా తండ్రిని ఆడిపోసుకున్నవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయేమో, కాగితాల పెట్టె తనవైపు లాక్కుంది.

"ఈ జన్యువులో తేడా ఒక్కో కుటుంబంలో ఒక్కోచోట ఉంటుంది," అంది కౌన్సెలరు. "మీ ఇంట్లో ఎక్కడుందో మాస్టారి రక్తంలో దొరికితే, మీ అమ్మాయి రక్తంలో సరిగ్గా అక్కడే చూస్తాం. ఆయనది చూడకుండా ఈమెలో ఏమీ కనబడలేదన్నా, గట్టిగా నమ్మడానికి లేదు."

మాస్టారు బల్లమీద చరిచాడు. "ఆది! నన్ను ఆది చొక్కా అంటున్నారు!"

కౌన్సెలరు తెల్లమొహం వేసింది.

"కొత్త చొక్కా కుట్టాలంటే పాతదొకటి ఆదికి తెమ్మంటాం కదమ్మా. దాన్ని పక్కన పెట్టుకుంటేగా ఎక్కడ కత్తిరించాలో తెలిసేది! ఇదీ అంతే కదా?"

"అచ్చం అంతే," అని ఆ అమ్మాయి నవ్వేసింది. "ఇకనుంచి అందరికీ ఇలాగే చెబుతాను."

రక్తం తీసే నర్సు ఆయన జబ్బు పేరు విని కాస్త తటపటాయించింది. "తీసుకో తల్లీ. ఇన్నాళ్లూ నా రక్తం కారితే ఏడ్చినవాళ్లేగానీ కావాలని అడిగినవాళ్లు లేరు," అని ఆయనే ధైర్యం చెప్పాడు. తర్వాత చాలాసేపు దూది నొక్కిపెట్టాలంటే మేనకోడలు తనే పట్టుకుంది.

"కోపం రాలేదా మామయ్యా?"

"వచ్చింది. ఆర్నెల్లు ఆగినందుకు."

"అది కాదు... నీలా పుట్టకూడదని అనుకున్నందుకు."

మాస్టారు వెంటనే జోకు వేయలేదు. "ఆ నొప్పి పగవాడికి కూడా వద్దే. నువ్వనుకున్నదాంట్లో తప్పేం లేదు. కానీ నువ్వు నా మంచంమీది రోజులే లెక్కపెట్టావు. మిగతావి ఎప్పుడైనా లెక్కేశావా, లెక్కల టీచరువి?"

ఆ పిల్ల దూదిని అవసరానికంటే గట్టిగా నొక్కింది.

ముందు మాస్టారిది, తర్వాత ఆమెది, రెండు పరీక్షలూ పూర్తయ్యేసరికి చాలా వారాలు పట్టింది. అదే గది, ఈసారి ఆమె భర్త కూడా వచ్చాడు. ఆ తేడా ఆమెలోనూ ఉంది. కొడుకు పుడితే జబ్బు వచ్చే అవకాశం సగం, రాకుండా ఉండే అవకాశం సగం. ఇప్పుడు ముందునుంచే ఇంజెక్షన్లిస్తే కీళ్లు పాడవకుండా చాలావరకు కాపాడవచ్చనీ, కడుపులో ఉండగానే పరీక్ష చేసే వీలుందనీ కౌన్సెలరు అన్నీ విడమరిచింది. "ఏం చేయాలో నేను చెప్పను. తెలిసింది చెబుతాను, తేల్చుకోవలసింది మీరిద్దరే," అంది.

తన ఆది ఇంత కచ్చితంగా సరిపోతుందని మాస్టారు అనుకోలేదు. ఆ తర్వాత చాలారోజులు దుకాణంలో మిషను చప్పుడొక్కటే. ఎదురు కొట్టు మంగలి ఉండబట్టలేక వచ్చి, "ఏం మాస్టారూ, నోటికి మోటారు కాలిపోయిందా?" అని కూడా అడిగాడు.

అయిదు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మేనకోడలు గబగబా వచ్చి, మెత్తటి తెల్ల నూలుబట్ట బల్లమీద పడేసింది.

"చొక్కా కుట్టు మామయ్యా. ముందువైపు గుండీలు పెట్టు, తల మీంచి తొడగడం కష్టమట."

ఆయన పని ధ్యాసలో ఉండి, తలెత్తకుండానే చెయ్యి చాపాడు. "ఆది?"

"మిషను ముందు కూర్చుంది కదా."

మోటారు ఆగింది. మాస్టారు తలెత్తి చూశాడు. ఆ పిల్ల చెవులు రెండూ ఎర్రబడి ఉన్నాయి.

"ఒసేయ్! మరి పరీక్ష..."

"పుట్టాక చేయిద్దామనుకున్నాం. డాక్టర్లకి ముందే చెప్పి ఉంచాం. ఏదైనా సరే మామయ్యా, మాకు కావాలి."

"వాడికి నా పోలిక వస్తేనో?"

"చెవులు కాస్త చిన్నవైతే బాగుండు," అంది మేనకోడలు.

మాస్టారు పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకోవడానికి అన్ని బట్టల మధ్య ఏమీ దొరక్క, మెడలో వేలాడుతున్న కొలత టేపుతోనే తుడుచుకున్నాడు. ఎదురు కొట్టులో మంగలి సగం గీసిన గడ్డాన్ని వదిలేసి గుమ్మంలోకి వచ్చి చూశాడు. మాస్టారు అవేమీ పట్టించుకోకుండా బట్ట పరిచి, సుద్దతో జానెడు చొక్కా గీశాడు. లోపలి కుట్టులో రెండు వేళ్ల బట్ట ఎక్కువే వదిలాడు, పెరిగే ఒళ్లు కదా అని.