వంటింటి మూల నిండు బిందె

మీరు నమ్మినా నమ్మకపోయినా ఇది జరిగింది. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను. లేనిది కల్పించి రాసే ఓపిక నాకెక్కడిది?

కెనడాలోని విన్నిపెగ్‌లో, మొన్న చలికాలం. ఇంట్లో నేను, మా అమ్మాయి సౌమ్య, ఇద్దరమే. కంప్యూటర్‌లో వస్తువులు తయారుచేయడం దాని చదువు. లేని కుర్చీని ఉన్న గది ఫోటోలో పెడితే, అది మొదటినుంచీ అక్కడే ఉందనిపించాలి. ఒక కంపెనీ వాళ్లు పరీక్ష పెట్టారు. ఇంట్లో ఏదో ఒక మూల ఫోటో తీసి, అందులో లేని వస్తువు ఒకటి పెట్టి, సాయంత్రం ఆరులోగా పంపమన్నారు. ఆ ఉద్యోగం రాకపోతే ఈ దేశంలో ఉండడానికి దానికిచ్చిన పర్మిట్ అయిపోతుంది. ఇద్దరం పెట్టెలు సర్దుకోవాల్సిందే.

సౌమ్య పగలే వంటింటి కిటికీ కింద ఖాళీ మూలను ఫోటో తీసింది. అందులో ఇత్తడి బిందె పెట్టింది. ఎంత చేసినా అతికించినట్టే ఉంది. ముందుగదిలో కంప్యూటర్ దగ్గర దాని పక్కన కూర్చుని నేను చెప్పాను. నడుముకు ఆనే చోట సొట్ట ఉండాలని, చింతపండుతో తోమిన గీతలు గుండ్రంగా తిరగాలని, మెడ కింద చెయ్యి సరిగా ఆడని చోట నలుపు మిగలాలని. చెప్పినట్టల్లా చేసింది. బిందెకు ప్రాణం వచ్చింది... కింద నీడ కూడా కుదిరింది.

అయిదయింది. బయట చీకటి. దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి చూశాను. బిందె ఖాళీగా ఉంది.

"దీపాలవేళ ఇంట్లో ఖాళీ బిందె ఏంటే? నీళ్లు పొయ్యి."

"అమ్మా, అది బొమ్మ."

"బొమ్మయితే ఏం, మన వంటింట్లోనే ఉందిగా."

నవ్వి, అంచు దాకా నింపింది. ఫోటోలోని కిటికీ వెలుగు నీళ్ల మీద మెరిసి గోడ మీదికి పాకింది. ఇక ఎవరూ కనిపెట్టలేరంది.

అప్పుడు వినిపించింది.

వంటింట్లోంచి. ధబ్... ఆ వెంటనే నీళ్లు తొణికిన చప్పుడు. ఖాళీ బిందె దించితే ఖంగుమంటుంది. ఇది అది కాదు. ఏళ్ల తరబడి నీళ్లు మోసినదాన్ని, నిండు బిందె దించిన చప్పుడు నాకొకరు చెప్పాలా?

ఇద్దరం వెళ్లాం. లైటు వేశాను. మూల ఖాళీ... నేల మీద మాత్రం తడి. గుండ్రంగా. మధ్యలో పొడి. జాన పెట్టి కొలిచాను. సరిగ్గా బిందె అడుగంత. వేలు పెట్టాను... మంచులాంటి నీళ్లు. అక్కడ పంపు లేదు, గొట్టం లేదు. మంచు అంటిన మా బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

సౌమ్య గుమ్మంలోకి వెనక్కి జరిగింది. "మొత్తం డిలీట్ చేసేస్తానమ్మా."

"ఆరులోపు ఇంకోటి చేయగలవా?"

"లేదు."

"అయితే పంపు."

"దాంట్లో ఏదో ఉందమ్మా..."

"ఉంటే ఉండనీ."

మూలవైపు తిరిగి గట్టిగానే అన్నాను. "ఎవరైనా సరే. దాహమైతే తాగి వెళ్లు. నా పిల్ల పని జోలికి మాత్రం రాకు."

నీళ్లు ఒక్కసారి కదిలిన చప్పుడు. కళ్ల ముందు బిందె లేదు. చప్పుడు ఉంది.

సౌమ్య చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి, నేనే కీబోర్డు మీద పెట్టాను. ఆరుకు పది నిమిషాలుండగా పంపింది.

ఉద్యోగం వచ్చింది. ఇంటి ఓనరు కిటికీ అద్దం చెమ్మ కారిందన్నాడు. చెమ్మ గుండ్రంగా కారుతుందా అని సౌమ్య చేత అడిగించాను. భుజాలెగరేశాడు. తెలిసినవాళ్లు చెవుల్లో హోరు అన్నారు. ఇద్దరికీ ఒకేసారి హోరా?

అది ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. సౌమ్య ఇల్లు మారదామంటోంది. నేను మారను. కూరగాయలు తరిగేటప్పుడు ఆ మూల దగ్గరే పీట వేసుకుంటాను. వీపు అటు పెట్టి కూర్చుంటాను. ఒక్కోసారి మెడ మీద చల్లగా ఏదో తగులుతుంది... తిరిగి చూడను. తరుగుతూనే ఉంటాను.