గరాజ్ గుమ్మానికి తోరణం

మొన్న ఆదివారం మా పక్కింటి ముందు ఓ యువజంట అరచేతిలో ఫోను పెట్టుకుని గిరగిరా తిరుగుతూ కనబడ్డారు. ఆ ఇల్లు అమ్మకానికొచ్చింది. ఫోనులో దిక్కులు చూస్తున్నారని అర్థమైంది, అంటే మనవాళ్ళేనని కూడా అర్థమైంది. అబ్బాయి ముఖం చాలా గంభీరంగా ఉంది. అమ్మాయి మాత్రం దిక్కుల గొడవ అతనికొదిలేసి, తలెత్తి కిటికీలకేసి చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ అలాగే చూశాను.

మేము అమెరికాలో ఈ ట్రాయ్ ఊరికి వచ్చిన కొత్తలో, రెండువేల నాలుగు ప్రాంతంలో అనుకుంటాను, అద్దెకు తీసుకున్న ఇల్లు తూర్పు ముఖం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. పరీక్ష పెట్టి చూడనిదే దేన్నీ నమ్మరు, వాస్తుని తప్ప. ఆ ఇంటికి తూర్పు వాకిలైతే ఉంది గానీ దాని తలుపు దిట్టమైన చెక్క, పైన వసారా కప్పు. దక్షిణాన పక్కింటి గోడ మా గోడని రాసుకుంటూ ఉండేది. వెనక ఆకు రాల్చడమంటే తెలియని చెట్లు. లోపల గదికీ గదికీ మధ్య గోడలు. మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని బియ్యం కడిగేదాన్ని.

గుంటూరులో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పిన దాన్ని. ఇక్కడ నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ ఇంకా రాదు. నా లోకమంతా ఆ ఇల్లే. మా ఆయన చలికాలంలో చీకటితో ఆఫీస్‌కి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు గనక ఆ ఇంట్లో పగలు ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. వీధి తలుపు నెత్తిన ఒక చిన్న అద్దం ఉండేది. దాంట్లోంచి పొద్దున కాసేపు లోపలి మేడమెట్ల మీద పీటంత ఎండ పడేది. పెరుగన్నం గిన్నె పట్టుకెళ్ళి అందులో కూర్చునేదాన్ని. ఎండ ఒక్కో మెట్టూ దిగుతుంటే నేనూ దిగేదాన్ని. కింది మెట్టు దాటాక అది మాయమయ్యేది, నాకు ఊరికే ఏడుపొచ్చేది. చెబితే మా ఆయన పాపం ఓ పొడుగాటి దీపం కొనుక్కొచ్చారు. ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నాం, చూసినవన్నీ అలాంటి తూర్పు ముఖాలే. ఇంకో చలికాలం అలాంటి ఇంట్లో గడిపితే నేను నేనుగా మిగలనేమోనని నిజంగా భయపడ్డాను.

అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి దిగారు. వేసవిలో రమ్మంటే ఆవకాయ పెట్టందే కదలనన్నారు, ఆ తర్వాత శ్రావణమాసం నోములన్నారు, దసరా అన్నారు, చివరికి మంచుతో పాటు వచ్చారు. ఇంట్లో కూడా మంకీ క్యాప్ తీసేవారు కాదు. ఫోనులో తూర్పు వాకిలి, తూర్పు వాకిలి అని కొడుకు చెవిలో ఇల్లు కట్టుకున్నది ఆవిడే గనక నా గోడు ఆవిడకి చెప్పుకోలేదు. వారం రోజులు నన్ను గమనించి ఒకనాడు, "ఏమ్మాయ్, ఇంత ఇల్లుండగా మెట్ల మీద కాపరం చేస్తున్నావేం?" అన్నారు. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

జనవరిలో ఇళ్ళు చూపించే ఆవిడ పొరపాటున ఒక దక్షిణ ముఖం ఇంటికి తీసుకెళ్ళింది. మా ఆయన కారు కూడా దిగలేదు. అత్తగారూ నేనూ లోపలికెళ్ళాం. ముందు గోడంతా అద్దాలే. అడ్డుగోడల్లేవు, కప్పు ఎక్కడో మేడ ఎత్తున ఉంది. బయటి మంచు మీద పడ్డ ఎండ కూడా లోపలికే వచ్చి, వెనకెక్కడో ఉన్న వంటగట్టు దాకా వెళ్ళిపోయింది. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. అత్తగారు చుట్టూ చూసి, ఈ ఇంట్లో పోపు పెడితే మేడ మీద మంచం కూడా తుమ్ముతుందన్నారు. తర్వాత ఉత్త నేల మీద, ఎండలో, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మంకీ క్యాప్ తీసేశారు. నేనూ పక్కన కూర్చున్నాను.

కార్లోకి వచ్చాక ఆవిడ ఇదే తీసుకోమన్నారు. మా ఆయన బిత్తరపోయారు.

"దక్షిణం వాకిలమ్మా. వద్దని నువ్వే కదా చెప్పావు?"

"చెప్పాను. వాకిలంటే ఏదిరా? రోజూ మనం తొక్కేది. నేనొచ్చిన దగ్గర్నుంచీ మీ ఇంట్లో ఆ తూర్పు తలుపు తీసిన పాపాన పోలేదు. దానికడ్డంగా చెప్పుల స్టాండ్ పెట్టారు. అందరూ గరాజ్‌లోంచే రాకపోకలు. ఈ దేశంలో లక్ష్మీదేవి వచ్చినా మీ కార్లోనే రావాలి. ఈ ఇంట్లోంచి గరాజ్‌లోకి దిగే తలుపు ఎటుందో వెళ్ళి చూసుకో."

మా ఆయన దిగి వెళ్ళి చూసుకున్నారు. గరాజ్ ఇంటికి తూర్పు పక్కన ఉంది. ఆ తలుపు సరిగ్గా తూర్పుకే. అక్కడే నిలబడి ఇళ్ళు చూపించే ఆవిడని ధర అడిగారు.

గృహప్రవేశం గరాజ్‌లోంచే జరిగింది. మంచు ఎత్తే పార పక్కన అత్తగారు గడపకి పసుపు రాసి బొట్లు పెట్టారు, గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కట్టారు. వచ్చిన స్నేహితులంతా వీధి తలుపు దగ్గర బెల్లు కొడుతుంటే, ఇటు రండి, వాకిలి ఇటు, అని మా ఆయనే పరిగెత్తి చెప్పారు.

అత్తగారు తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఉండబట్టలేక అడిగాను, గరాజ్ సంగతి నిజంగా శాస్త్రంలో ఉందా అని. ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు వేసుకుంటూ, "శాస్త్రం నాకేం తెలుసమ్మా. మెట్ల మీద నువ్వు పెరుగన్నం తింటుంటే చూడలేకపోయాను" అన్నారు.

ఆవిడ పోయి మూడేళ్ళవుతోంది. తోరణం రంగు వెలిసింది గానీ మార్చబుద్ధి కాలేదు. మొన్న ఆ జంటను కాఫీకి పిలుద్దామని గరాజ్ తెరిచి బయటికి వెళ్ళాను. అబ్బాయి పక్కింటికేసి చూపిస్తూ, "దక్షిణం ముఖం, ఆంటీ" అని గొణిగాడు. లోపలికొచ్చాక అమ్మాయి వంటగట్టు మీది ఎండలో చెయ్యి పెట్టి, ఇంత లోపలికి ఎలా వచ్చిందని అడిగింది. ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు గనక ఎండ కిటికీ దగ్గరే ఆగిపోతుందనీ, చలికాలంలో కిందికి దిగుతాడు గనక ఇంత దూరం వస్తుందనీ చెప్పాను. చెబుతుంటేనే మా అత్తగారు గుర్తొచ్చారు. ఉన్నన్నాళ్ళూ ఆవిడ నాకు కిటికీ దాకానే తెలుసు, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంటి లోపలికంటా వస్తున్నారు.