ఘనస్థితి చాలక: ఒక నెంబరు

2022 వర్షాకాలంలో, నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా, హెడ్ ఆఫీసు నన్ను వర్తూరు దగ్గరున్న మా శాఖ నీటి పరీక్షల ల్యాబుకు సిస్టమ్ అనలిస్టుగా వేసింది. వినడానికి హోదా పెద్దదే. చేతికిచ్చిన పని మాత్రం ఒక్కటే: అక్కడున్న ఒకే ఒక కంప్యూటరును అలాగే ఉంచాలా, బాగుచేయించాలా, పారేయాలా తేల్చి రాయడం.

ఆ కంప్యూటరు నీళ్ళను పరీక్షించే మిషనుకు తగిలించి ఉండేది. స్విచ్ వేసిన పాతిక నిమిషాలకు గానీ పనికి వచ్చేది కాదు. కెమిస్టు సుగుణ పదింటికి స్విచ్ వేసి, ఇడ్లీ తిని, కాఫీ తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. అపార్ట్‌మెంట్ల వాళ్ళు సీసాల్లో బోరు నీళ్ళు పట్టుకుని గేటు దగ్గర నిలబడి మమ్మల్ని తిట్టుకునేవారు. తిట్టరా మరి!

విప్పి చూశాను. ప్రాసెసరు బాగుంది, మెమరీ చాలినంత ఉంది. ముసలిదైపోయింది హార్డ్ డిస్కు ఒక్కటే. అందులో ఒక పళ్ళెం గిర్రున తిరుగుతుంటే, దాని మీద ఒక ముల్లు వెతుక్కుంటూ చదువుతుంది. దాని బదులు సాలిడ్ స్టేట్ డ్రైవ్ వేస్తే అందులో తిరిగేదీ కదిలేదీ ఏమీ ఉండదు. అంతా చిప్పులే, అడిగిందే తడవు ఇచ్చేస్తుంది. పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు అందులోకి ఎక్కించవచ్చు కాబట్టి మిషను సాఫ్ట్‌వేరుకూ ఇబ్బంది లేదు. వేయించడమే మేలని అరగంటలో తేల్చాను. రెండున్నర అంగుళాలది, కదిలే భాగాలు లేనిది, ఒకటి కావాలని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసిచ్చాను.

మాది కన్నడ రాష్ట్రం, ఫైలు కన్నడంలోనే నడవాలి. ఫైలును పుట్టించి, పెంచి, పైకి పంపే గుమాస్తాను కేస్ వర్కర్ అంటారు. మా కేస్ వర్కర్ రుద్రప్ప తన ఫైలులో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా దూరనివ్వనని పంతం పట్టిన మనిషి. సాలిడ్ స్టేట్ అంటే ఘనస్థితి అని తనే రాసుకున్నాడు. డ్రైవ్ అంటే ఏమిటని నన్నడిగాడు. నేను కంప్యూటరు డబ్బా విప్పి, పళ్ళ మధ్య స్క్రూ పెట్టుకుని ఉన్నాను. నడిపేది, ఇంకేముంటుంది అని విసుక్కున్నాను. ఆయన శ్రద్ధగా 'ఘనస్థితి చాలక: ఒక నెంబరు' అని రాశాడు. కన్నడంలో చాలక అంటే బండి తోలే డ్రైవరు, ఒక నెంబరు అంటే ఆఫీసు లెక్కల్లో ఒకటి. సాయంత్రం సంతకానికి వచ్చిన కట్టలో ఆ కాగితం నాలుగోదో ఐదోదో. చదవకుండానే సంతకం గీకేశాను.

నెలన్నర తర్వాత ఒకనాటి పొద్దున ఒక మనిషి ఆర్డరు కాగితం పట్టుకుని నా టేబులు ముందు నిలబడ్డాడు. దిట్టమైన ఒళ్ళు, డ్రైవర్ల తెల్ల యూనిఫాం. పేరు మునిరాజు. నేను పుట్టి పెరిగిన నగర్తపేట తెలుగే మాట్లాడాడు.

"నన్ను ఈ కంప్యూటరుకు వేసినారు మేడం. బీగంచెవి ఎవురి దగ్గర ఉండాది?"

కంప్యూటరుకు తాళంచెవి అడుగుతున్నాడు! రుద్రప్పను పిలిచి ఫైలు తెప్పించి చదివాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది! మా ఇండెంటు, అంటే ఫలానాది కావాలని అడిగే కాగితం, సరఫరా విభాగానికి పోకుండా వాహన విభాగానికి పోయింది. వాళ్ళేమీ గుడ్డిగా పంపలేదు పాపం, పద్ధతిగా రెండు సందేహాలు అడిగారు. మొదటిది: చాలకుని పరిమాణం రెండున్నర అంగుళాలని రాశారు, ఇది సరైనదేనా? రుద్రప్ప నన్ను అడిగిన పాపాన పోలేదు. తయారీదారు కొలతల ప్రకారం సరైనదేనని జవాబిచ్చాడు. రెండోది: కదిలే భాగాలు ఉండరాదంటే అర్థమేమి? దానికీ ఆయన, చాలక కూర్చున్న చోటు నుంచి కదలకుండా పనిచేయాలి అని వివరణ ఇచ్చాడు. దాని కింద వాహన విభాగం పెద్దాయన ఎర్ర సిరాతో, అయితే ప్రయాణ భత్యం వర్తించదు, అని రాసి మంజూరు చేశాడు.

కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాను. సుగుణ వచ్చి, ఈయన్ని ఏ స్లాటులో బిగించాలి మేడం అని అడిగింది. ఇంకా నవ్వాను. మునిరాజు ఒక్కడే నవ్వలేదు.

"నగొద్దు మేడం," అన్నాడు. "నా జీపు పదిహేనేండ్లు దాటిందని తుక్కుకు పంపేసినారు. బండి పోయినోళ్ళను ఒక్కొక్కరినే తీసేస్తా ఉండారు. నాకు భయంగా ఉండాది. ఇది తప్పని మీరు రాసిస్తే రేపటికి నేను ఇంటికే. యాభైమూడేండ్లోనికి ఎవురిస్తారు పని?"

సిగ్గేసింది. కుర్చీ చూపించి కూర్చోమన్నాను.

పదిహేను రోజుల్లోగా అమరిక నివేదిక పంపాలన్నది నియమం. అంటే వచ్చిన వస్తువు సరైనదేనా, బిగించారా, పని బాగుపడిందా అని అనలిస్టు సంతకంతో చెప్పే ఫారం. తప్పు వస్తువు వచ్చిందని రాస్తే మునిరాజు పోతాడు, ఎప్పటికో డ్రైవ్ వస్తుంది. అందిందని రాస్తే ఫైలు మూసేస్తారు, ఇక డ్రైవ్ రాదు. అరగంటలో తేల్చిన సంగతిని మళ్ళీ మొదటి నుంచీ తేల్చాల్సి వచ్చింది. వారం రోజులు ఆ ఫారాన్ని సొరుగులోంచి తీయడం, మళ్ళీ లోపల పెట్టడం.

ఈలోగా మునిరాజు ఊరికే కూర్చోలేదు. ఆయనకు చేతకాని పని అదొక్కటే. నాలుగో రోజు సుగుణ పదింటికి వచ్చేసరికి కంప్యూటరు సిద్ధంగా ఉంది. ఐదో రోజూ అంతే. ఏం చేశావని అడిగితే, తొమ్మిదిన్నరకే వచ్చి స్విచ్ వేస్తున్నానన్నాడు.

"పొద్దున్నే బండి స్టార్ట్ చేసి వేడెక్కనిస్తాం కదా మేడం. ఆఫీసరు సాయెబులు వచ్చేటప్పటికి రెడీగా ఉండల్ల. ఇదీ అంతే."

ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని కంప్యూటర్లు విప్పానో లెక్కలేదు. ఈ ఉపాయం నాకు తట్టలేదు. సుగుణకూ తట్టలేదు. ముందుగా వచ్చి స్విచ్ వేయడం మా ఇద్దరి హోదాల్లో ఎవరి పనీ కాదు.

పాత డిస్కు ఏదో ఒకరోజు పోతుందని నాకు తెలుసు. అందుకని రోజూ సాయంత్రం ఫలితాలన్నీ ఇంకో డిస్కులోకి కాపీ తీయడం మునిరాజుకు నేర్పాను. ఒక్కరోజు కూడా తప్పలేదు. దాన్ని ఆయన బండి కడిగి పెట్టడం అనేవాడు.

పద్నాలుగో రోజు ఫారం నింపాను. వస్తువు అందిందా? అందింది. స్థితి? బాగుంది. సీరియల్ నెంబరు? డ్రైవింగు లైసెన్సు నెంబరు రాశాను. కదిలే భాగాలు? ఇక్కడ కలం కాసేపు ఆగింది. అవసరం మేరకు, అని రాశాను. పని వేగం పెరిగిందా? ఆపరేటరు కాచుకునే సమయం పాతిక నిమిషాల నుంచి సున్నాకు తగ్గింది. ఈసారి నాలుగుసార్లు చదివి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా అది నిజమైన నివేదిక కాదని నాకు తెలుసు. తెలిసే పంపాను.

పై ఏప్రిల్‌లో హెడ్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఘనస్థితి చాలక పనితీరు తృప్తికరంగా ఉన్నందున మరో ఏడాది కొనసాగించడమైనది అని అందులో ఉంది. మునిరాజు దాన్ని రెండువైపులా తిప్పి చూసి, ఇందులో నా పేరే లేదు కదా మేడం అన్నాడు.

"పేరు రాసింటే ఎప్పుడో తీసేసేవాళ్ళప్పా," అన్నాను.

చదవకుండా సంతకం పెట్టకూడదని నా కింద పనిచేసినవాళ్ళకు ఏళ్ళ తరబడి చెప్పాను. ఆ తప్పు నేనే చేశాను. దాన్ని సమర్థించుకోను. దానివల్ల తెలిసింది మాత్రం ఒకటుంది. మా ఆఫీసులో మనిషిని తీసేయడానికి ఒక్క సంతకం చాలు. కంప్యూటరులో ఒక భాగాన్ని తీసేయాలంటే కమిటీ వేయాలి, దగ్గరికెళ్ళి చూడాలి, ఇది పనికిరాదని ముగ్గురు అధికారులు విడివిడిగా రాసివ్వాలి. మునిరాజు దగ్గరికెళ్ళి చూసి పనికిరాడని రాసే ముగ్గురు ఇప్పటిదాకా దొరకలేదు.