లేదనిపించుకున్న వాళ్ల లెక్క

1986. సుబేదారిలో ఒక ట్రస్టు ఆసుపత్రి. అందులో ఏసీ గది ఒక్కటే. అది రోగులదీ కాదు, డాక్టర్లదీ కాదు, కంప్యూటర్‌ది. దానికి ఆపరేటర్‌ని నేను. చెప్పులు బయట విడిచి రావాలని తలుపు మీద బోర్డు ఉండేది. మా ఇంట్లో దేవుడి గదికి లేని మడి ఆ డబ్బాకు ఉండేది.

కంప్యూటర్ వచ్చింది డాక్టర్ మూర్తి గారి పరిశోధన కోసం. ఫిట్స్ రోగుల తలకు పేస్టుతో వైర్లు అంటించి మెదడు తరంగాలను తీసే పరీక్షను ఈఈజీ అంటారు. ఆ తరంగాలను కంప్యూటర్‌కు ఎక్కించి, మెదడులో ఏ భాగంలో అలజడి ఉందో బొమ్మగా చూపించాలన్నది ఆయన తపన. గీతలో సూదిమొనలా పైకి లేచేదాన్ని స్పైక్ అంటారు. స్పైకులు పెరిగాయంటే ఫిట్స్ పొంచి ఉన్నాయని లెక్క. మావాళ్లేమో తలనిండా నూనె పెట్టుకుని వచ్చేవారు. నూనె తలకు వైరు అంటదు. అందుకని మెదడు పరిశోధన మా దగ్గర నల్లా కింద కుంకుడుకాయ రసంతో మొదలయ్యేది.

అంత ఖరీదైన యంత్రం ఊరికే ఉండకూడదని మందుల స్టోరు పని కూడా దానికే అప్పజెప్పారు. హైదరాబాద్ హెడ్డాఫీసు ఒక ప్రోగ్రామ్ పంపింది. గత మూడు నెలల్లో ఏ మందు ఎంత ఇచ్చామో చూసి, వచ్చే నెలకు ఎంత కావాలో అదే చెబుతుంది. దీన్ని ఆటోమేటిక్ ఇండెంట్ అనేవారు. అంటే మనిషి అడగకుండానే సరుకు దానంతటది రావడం. వినడానికి ఎంతో బాగుంది. నాకూ బాగానే అనిపించింది, సమ్మయ్య పడిపోయేదాకా.

సమ్మయ్య కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. వెడల్పు జంపఖానాకు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. రెండో మనిషి అతని భార్య సరోజన. ఒకరు లేస్తే రెండోవారి చేయి కూడా ఆగిపోతుంది. పరిశోధనలో చేరినవాళ్లకు మా దగ్గర ఉచితంగా ఇచ్చే గోలీలతో అతని ఫిట్స్ తగ్గాయి, ఈఈజీ గీత కూడా నున్నగా వచ్చింది. డాక్టరు గారు ఆ బొమ్మను వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవారు.

వానాకాలంలో సమ్మయ్య మగ్గం మీదనే ఫిట్స్ వచ్చి పడ్డాడు. నుదురు చిట్లింది. వైర్లు పెట్టి చూస్తే గీత నిండా స్పైకులే.

"మందు మానేశావు కదూ?" అన్నారు డాక్టరు గారు.

సమ్మయ్య తల దించుకున్నాడు. సరోజన దించుకోలేదు.

"ఎందుకు మానుతడు సారూ? ఉన్నన్ని రోజులు మింగిండు. మీ కిటికీ కాడికి అచ్చినప్పుడల్లా గోలీలు లెవ్వంటాండ్రు. లేనియి ఏడికెల్లి తెచ్చి మింగాలె?"

"ప్రతి నెలా ఇండెంట్ పెట్టినంతా వస్తోందమ్మా. కంప్యూటర్ లెక్కలో ఎక్కడా కొరత లేదు," అని ఆయన కేసు కాగితం మీద ఒక మాట రాశారు. డిఫాల్టర్. చెప్పినట్టు మందు వాడని రోగి అని దాని అర్థం. నెలాఖరు మీటింగులో అలా రాసిన పేర్లకు ఆమోదం పడితే వాళ్లను పరిశోధన నుంచి తీసేస్తారు. ఉచిత మందు కూడా అక్కడితో సరి. బయట కొని వాడే స్తోమత వాళ్లకు లేదు. మగ్గం ఒక్క మనిషితో నడవదు.

నేను నేరుగా మందుల కిటికీ దగ్గరికి వెళ్లి ఫార్మసిస్ట్ యాకూబ్ భాయిని అడిగాను.

"నిజమే శోభమ్మా, నెల సగానికే అయిపోతాన్నయి. జర ఆగి వచ్చే నెల రమ్మని చీటీ వాపస్ ఇస్తా. అందరు ఫార్మసిస్టులు చేసేది గదే."

"మరి కంప్యూటర్‌కు ఏం పంపుతారు?"

"ఇచ్చింది పంపుత. ఇయ్యంది ఏం పంపాలె?"

ఆ మాటతో మొత్తం కథ అర్థమైంది. ఏదో ఒక నెల మందు ముందే అయిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో ఇచ్చింది సున్నా. సున్నాను చూసి ప్రోగ్రామ్, వీళ్లకు ఈ మందు అవసరం తగ్గిందనుకుని ఇండెంట్ తగ్గించింది. తగ్గించినంతా చక్కగా వచ్చింది కాబట్టి కొరత లేదని రాసుకుంది. తక్కువ వచ్చింది కనుక ఇంకా తొందరగా అయిపోయింది. నల్లాలో నీళ్లు రాక బిందెలు ఇంటికి పోతే, ఈ వీధికి దాహం లేదని పైపు మూసేసినట్టుంది ఆ తెలివి.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు, తీరిక లేనివారు. "హైదరాబాద్‌లో పెద్ద నిపుణులు రాసిన ప్రోగ్రామ్ అది. నీ పని టైపు చేయడం, శోభా," అన్నారు.

సరే, టైపే చేద్దామనుకున్నాను. యాకూబ్ భాయికి ఒకే మాట చెప్పాను. లేదని పంపే ప్రతి మనిషినీ బయటికి కాదు, నా గదికి పంపమని. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "నా నౌకరి పోతె నీ ఇంట్లనే తింట," అని ఒప్పుకున్నాడు.

మర్నాటి నుంచి ఏసీ గది ముందు చెప్పుల కుప్ప. సరోజన, ధర్మసాగర్ నుంచి వచ్చిన ముసలమ్మ, మడికొండ నుంచి బిడ్డను చంకనేసుకొచ్చిన తల్లి, అందరూ వచ్చి నా ముందు నిలబడ్డారు. పేరు, ఏ మందు, ఇప్పటిదాకా ఏయే తేదీల్లో లేదన్నారు. అడిగి టైపు చేసుకున్నాను. "ఇది కొడితె గోలీలు అత్తయా బిడ్డా?" అని అడిగింది ముసలమ్మ. "వచ్చేదాకా కొడతానమ్మా," అన్నాను.

డాక్టరు గారు తలుపు దగ్గరే ఆగిపోయారు. "ఏంటిది? మెషిన్‌కు దుమ్ము పడుతుంది!"

"దుమ్మయితే తుడవొచ్చు సార్," అన్నాను. టైపింగ్ ఆపలేదు.

మీటింగుకు హెడ్డాఫీసు నుంచి స్టోర్స్ ఆఫీసరు వచ్చాడు. డిఫాల్టర్ల పేర్లు చదవడం మొదలైంది. నన్నెవరూ పిలవలేదు. అయినా వెళ్లాను. రెండు ప్రింటౌట్లు బల్ల మీద పక్కపక్కన పరిచాను. ఒకటి ఏ రోగికి ఎప్పుడు స్పైకులు పెరిగాయో చెప్పేది, రెండోది ఏ తేదీల్లో మందు లేదన్నామో చెప్పేది. మెదడు లెక్కా మందుల లెక్కా రెండూ చూసేదాన్ని ఆ ఆసుపత్రిలో నేనొక్కదాన్నే. వేర్వేరు గదుల్లో ఉన్నంతకాలం అవి ఒకదాన్నొకటి చూసుకోలేదు, అంతే.

"లేదన్న తర్వాతనే స్పైకులు వచ్చాయి. ఈ పేర్లలో ఒక్కరు కూడా మందు మానలేదు. మానింది మనం. డిఫాల్టర్ అని రాయాలంటే ముందు మన స్టోరు పేరు రాయండి."

ఆఫీసరు ముఖం ఎర్రబడింది. "ప్రోగ్రామ్‌లో లేని డేటా ఎంటర్ చేయడానికి నీకు అధికారం ఎవరిచ్చారు?"

"మందు లేకుండా ఇంటికి పంపించడానికి మనకు ఎవరిచ్చారో వాళ్లే ఇచ్చారనుకోండి."

డాక్టరు గారు రెండు కాగితాలనూ తేదీ తేదీకి వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. ఆయన పరిశోధన ఆ వేలి కిందే కదిలిపోతోంది. రోగులు మందు మానేశారని ఆయన రాయబోతున్నారు, నిజానికి మందు వాళ్లకు చేరనే లేదు. చివరికి జేబులోంచి పెన్ను తీసి, సమ్మయ్య పేరు పక్కన ఉన్న మాటను అడ్డంగా కొట్టేశారు. తర్వాత మిగతా పేర్ల పక్కన కూడా.

నాకు మెమో వచ్చింది. ఇకముందు ఇలా చేయనని రాసివ్వమన్నారు. చేస్తానని రాసిచ్చాను. ఉద్యోగం తీసేస్తారని అమ్మ ఏడ్చింది. వాళ్లు తీసేయలేదు. ఆ డబ్బాను నడపగలిగిన వాళ్లు వేరే లేరన్నది నా గొప్ప కాదు, వాళ్ల అవస్థ. చాలా నెలల తర్వాత హెడ్డాఫీసు అదే ప్రోగ్రామ్‌లో ఒక కొత్త గడి చేర్చి పంపింది. 'అడిగినది' అని దాని పేరు. ఎవరి ఆలోచన అన్నది ఎక్కడా రాయలేదు. నాకు పట్టలేదు కూడా. గోలీలు నెల పొడుగునా ఉండటం మొదలైంది. సమ్మయ్య మళ్లీ మగ్గమెక్కాడు.

కొన్నేళ్లకు కిటికీ దగ్గరే ఒక కీబోర్డు పెట్టారు. ఒకరోజు లారీ ఆలస్యమై గోలీలు రాలేదు. సరోజన వచ్చి ఉంది.

"రేపు రా చెల్లె, ఇయ్యాల లెవ్వు," అన్నాడు యాకూబ్ భాయి.

ఆమె కదల్లేదు. కిటికీ గట్టు మీద మోచేయి ఆనించింది. "లేకుంటె లేకపాయె. నేనచ్చిన్నని కొట్టు ముందుగాల."

ఆయన కొట్టాడు.

"ఏదీ, మా ఆయన పేరు సూపియ్యి."

ఆయన నవ్వుకుంటూ తెరను ఆమె వైపు తిప్పాడు. ఆమెకు ఆ అక్షరాలు చదవడం రాదు. అయినా తేరిపార చూసి, "ఆఁ, గట్ల," అని వెళ్లిపోయింది. మర్నాడు వచ్చింది, గోలీలు తీసుకుంది.

ఆ తర్వాత ఎన్నో కంప్యూటర్లు మారాయి, ఎన్నో ప్రోగ్రాములు నా చేతి మీదుగా వెళ్లాయి. కొత్తది తెచ్చి గొప్పలు చెప్పే ప్రతివాడినీ నేను మొదట అడిగేది ఒకటే. వట్టి చేతులతో తిరిగిపోయిన మనిషిని ఇందులో ఎక్కడ రాయాలి? చోటు లేదంటే, నేను నడపను.